నెట్టుడులో ఎవరి వాటా ఎంత?

(తృతీయ సంవత్సరం బి.ఎస్సి., గణితం - భౌతికం - రసాయనం)

ఐజాక్ న్యూటన్ 1687లో లాటిన్ భాషలో 'ప్రిన్సిపియా' అనే మహాగ్రంథాన్ని వెలువరించాడు. అందులోని మూడు గమన నియమాలను మనమంతా హైస్కూల్లోనే కంఠస్థం చేశాం. నిద్రలో లేపి అడిగినా "ప్రతి చర్యకూ సమానమూ వ్యతిరేకమూ అయిన ప్రతిచర్య ఉంటుంది" అని అప్పజెప్పగలం. అయితే నియమం వల్లించడం వేరు, దాన్ని పనిలో పెట్టడం వేరు. వస్తువు ఒక్కటే ఉన్నంతసేపు లెక్క అందరికీ వస్తుంది. దానికి రెండోది, మూడోది ఆనించి "ఇప్పుడు నెట్టు" అంటే మాత్రం తరగతిలో సగం మంది కలం పక్కన పెడతారు.

ఈ ఆనించి నెట్టడమనే వ్యవహారం గురించే నా వ్యాసం. ఇది పరీక్షలో నాలుగు మార్కుల ప్రశ్న మాత్రమే కాదని మిత్రులకు మనవి. పంట వేసుకుని మార్కెట్ యార్డుకు పోయే ప్రతి ట్రాక్టరు వెనకా ఇదే లెక్క ఉంది. ఆ లెక్క తప్పితే పోయేది మార్కులు కాదు, మనుషులు. ఆ సంగతికి చివర్లో వస్తాను. ముందు లెక్క తేల్చుకుందాం.

మూడు తోపుడు బండ్లు

బజారులో మూడు తోపుడు బండ్లు ఒకదానికొకటి ఆనుకుని వరసగా ఉన్నాయనుకోండి. మొదటిది ఖాళీ బండి, 100 కిలోలు. రెండోది ఉల్లిపాయల బండి, 200 కిలోలు. మూడోది పుచ్చకాయల బండి, 300 కిలోలు. చక్రాలకు బాగా గ్రీజు పెట్టారు కాబట్టి ఘర్షణ లేదనుకుందాం. ఒకాయన వెనక నిలబడి ఖాళీ బండిని 120 న్యూటన్ల బలంతో తోశాడు. న్యూటన్ అంటే పెద్ద లెక్కేమీ కాదు. కిలో రాయిని అరచేతిలో పెట్టుకుంటే చేతి మీద పడే బరువు దాదాపు 10 న్యూటన్లు. కాబట్టి 120 న్యూటన్లంటే 12 కిలోల మూట ఎత్తినంత శ్రమ.

ఇప్పుడు ప్రశ్న: పుచ్చకాయల బండి మీద ఎంత బలం పడుతుంది?

చాలామంది తటాలున చెప్పే జవాబు "120 న్యూటన్లే" అని. తోసిన బలం ఒక బండిలోంచి ఇంకో బండిలోకి పూర్తిగా పోతుందని వాళ్ళ ఊహ. ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే ఇది కుదరదని తెలిసిపోతుంది. ఖాళీ బండి తనకు వచ్చిన 120 న్యూటన్లనూ ఉల్లిపాయల బండికి ఇచ్చేసిందనుకోండి. మూడో నియమం ప్రకారం ఉల్లిపాయల బండి కూడా ఖాళీ బండిని వెనక్కి 120 న్యూటన్లతో నెడుతుంది. అప్పుడు ఖాళీ బండి మీద ముందుకు 120, వెనక్కి 120. ఫలిత బలం సున్నా. ఇక అది కదిలేదెట్లా? తాను కదలాలంటే తన వాటా తాను అట్టే పెట్టుకుని, మిగిలిందే ముందుకు పంపాలి.

ఇది మన పంటకాలువ లాంటిదే. పైపొలం తడుపుకున్నాక మిగిలిన నీళ్ళే కింది పొలానికి వస్తాయి. కింది పొలం తడిశాక మిగిలినవే చివరి భూములకు. తేడా ఒక్కటే. కాలువ దగ్గర పై రైతు తన వంతుకు మించి తిప్పుకోవచ్చు. ప్రకృతి దగ్గర ఆ పప్పులుడకవు. ఎవరి ద్రవ్యరాశి ఎంతో వారి వాటా అంతే.

ఆ వాటాలు ఎట్లా తీయాలో మూడు మెట్లలో చెబుతాను.

మొదటి మెట్టు: మూడు బండ్లూ కలిసే కదులుతున్నాయి గనక మూడింటినీ ఒకే వస్తువుగా చూడండి. మొత్తం ద్రవ్యరాశి 600 కిలోలు. బయటి బలం 120 న్యూటన్లు. రెండో నియమం ప్రకారం బలం = ద్రవ్యరాశి × త్వరణం. కాబట్టి త్వరణం 120 ÷ 600 = 0.2 మీ/సె². అంటే 5 సెకన్లలో బండ్లు సెకనుకు ఒక మీటరు వేగం అందుకుంటాయి, తీరిగ్గా మనిషి నడిచినంత.

రెండో మెట్టు: ఎక్కడి బలం కావాలో సరిగ్గా ఆ అతుకు దగ్గర మనసులో ఒక గీత గీయండి. గీతకు అవతల ఏమేమి ఉన్నాయో వాటిని మాత్రమే చూడండి. ఖాళీ బండికీ ఉల్లిపాయల బండికీ మధ్య గీత గీస్తే, అవతల ఉన్నది 200 + 300 = 500 కిలోలు. ఆ 500 కిలోలకు 0.2 త్వరణం ఇవ్వాలంటే 100 న్యూటన్లు కావాలి. ఆ అతుకు దగ్గరి బలం అదే. రెండో గీత అవతల 300 కిలోలు. కావలసింది 60 న్యూటన్లు. పుచ్చకాయల బండి మీద పడేది ఆ 60 మాత్రమే.

మూడో మెట్టు: సరిచూసుకోవడం. మధ్యలోని ఉల్లిపాయల బండిని విడిగా చూడండి. వెనక నుంచి 100, ముందు నుంచి ప్రతిచర్యగా 60. మిగిలింది 40. దాని 200 కిలోలకు 0.2 త్వరణం రావాలంటే సరిగ్గా 40 న్యూటన్లే కావాలి. లెక్క కుదిరింది.

ఈ మూడు మెట్లూ వచ్చినవాడికి బండ్లు మూడైనా ముప్పయ్యైనా ఒకటే.

వరస మారితే?

ఇప్పుడు అవే బండ్లు, అదే 120 న్యూటన్లు. కానీ అవతలి చివర నుంచి తోద్దాం. అంటే చేయి వేసేది పుచ్చకాయల బండి మీద. మొత్తం 600 కిలోలే గనక త్వరణం మళ్ళీ 0.2. పైకి చూసేవాడికి ఏ తేడా కనపడదు. కానీ అతుకుల దగ్గర చూడండి. పుచ్చకాయల బండికి అవతల 300 కిలోలు, కాబట్టి అక్కడ 60 న్యూటన్లు. ఉల్లిపాయలకు అవతల ఖాళీ బండి 100 కిలోలు, అక్కడ 20 న్యూటన్లే.

చేయి తగిలే బండికీ దాని పక్క బండికీ మధ్య ఒక అప్పడాల కట్ట ఇరుక్కుందనుకోండి. అది 80 న్యూటన్ల దాకా ఓర్చుకుంటుంది, దాటితే పిండే. మొదటి వరసలో దాని మీద 100 పడి పొడి అవుతుంది. రెండో వరసలో 60 మాత్రమే పడి క్షేమంగా ఉంటుంది. బండ్లు అవే, బలం అదే, వేగం అదే. ఎటు నుంచి తోశామన్నదే అప్పడాల తలరాత నిర్ణయించింది.

ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్న అసలు మాట ఇదే. గుంపు ఎట్లా కదులుతుందో తెలిసినంత మాత్రాన లోపల ఎవరు ఎంత ఓర్చుకుంటున్నారో తెలియదు. అతుకు దగ్గర గీత గీసి చూస్తే గాని బయటపడదు.

ఘర్షణ ఉంటే?

"చక్రాలు గనక సరే, నేల మీద రాసుకుంటూ పోతే?" అని మిత్రులు అడగవచ్చు. గోడౌనులో సిమెంటు నేల మీద 75 కిలోల ధాన్యం బస్తాలు మూడు వరసగా ఆనించి ఉన్నాయి. ఘర్షణ గుణకం 0.4 అనుకుందాం. గురుత్వ త్వరణం లెక్కకు వీలుగా 10. ఒక్కో బస్తాకు ఘర్షణ 75 × 10 × 0.4 = 300 న్యూటన్లు. మూడింటికీ 900. ముగ్గురు హమాలీలు కలిసి 1125 న్యూటన్లతో నెడితే మిగిలేది 225. మొత్తం 225 కిలోలకు త్వరణం 1 మీ/సె².

మొదటి అతుకు దగ్గర గీత గీద్దాం. అవతల రెండు బస్తాలు. వాటి ఘర్షణకు 600, త్వరణానికి 150, వెరసి 750 న్యూటన్లు. ఇది 1125లో సరిగ్గా మూడింట రెండు వంతులు. రెండో అతుకు దగ్గర 300 + 75 = 375. సరిగ్గా మూడో వంతు. అంటే ఘర్షణ ఉన్నా వాటాలు మారలేదు! కదిలే వస్తువులన్నిటికీ ఘర్షణ గుణకం ఒకటే అయినప్పుడు బలం మళ్ళీ ద్రవ్యరాశుల నిష్పత్తిలోనే పంచబడుతుంది. నున్నటి ఎగుడు, దిగుడు బాటల మీద కూడా ఇంతే. ఈ మాట గుర్తుంచుకోండి, ట్రాక్టరు దగ్గర పనికొస్తుంది.

అయితే ఒక బస్తా కింద నేల తడిగా ఉంటే వాటాలు మారిపోతాయి. అప్పుడు గీత గీసి విడివిడిగా కట్టాల్సిందే.

అసలు కదలకపోతే?

ముందు గోడ ఉండి ఎవరూ కదలకపోతే కథ తారుమారవుతుంది. ఇది బండ్ల కంటే మనుషులకు ముఖ్యం. మూసిన గేటు ముందు జనం ఒకరి వెనక ఒకరు 20 వరసలుగా నిలబడ్డారు. ఒక్కొక్కరు కాళ్ళు నేలకు తన్ని ముందువాడిని 50 న్యూటన్లతో మాత్రమే నెట్టారనుకుందాం. చేత్తో కొంచెం తోసినంతే. కదలిక లేదు గనక ఎవరూ వాటా అట్టే పెట్టుకోవడం లేదు. వెనక నుంచి వచ్చిందంతా, దానికి తన 50 కలిపి, ముందుకు పంపుతున్నారు. చివరి మనిషి ఇచ్చింది 50. గేటుకు నొక్కుకున్న మొదటి మనిషి మీద పడేది 1000 న్యూటన్ల దాకా. అంటే రొమ్ము మీద 100 కిలోల బరువు పెట్టినట్టు. రొమ్ము పైకి లేవకపోతే ఊపిరి అందదు.

ఇట్లాంటి ఘోరాల్లో చాలామంది కాళ్ళ కింద పడి కాక, ఊపిరాడక చనిపోతారు. 2015 జూలై 14న గోదావరి పుష్కరాల మొదటి రోజు రాజమండ్రిలో జరిగిన తొక్కిసలాటలో 27 మంది ప్రాణాలు కోల్పోయారు. మనల్ని ఆలోచింపజేయవలసిన విషయం ఏమంటే, వెనక వరసలోని వాడు దుర్మార్గుడు కాదు. తాను కొంచెమే నెట్టానని అతను చెప్పేది నిజమే. ముందు ఏం జరుగుతోందో అతనికి తెలిసే దారి లేదు. బారికేడ్లు కట్టి జనాన్ని చిన్న చిన్న గుంపులుగా విడదీసేది ఇందుకే. ఆ కట్టిన చోట బలం తెగిపోతుంది, మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుంది.

లాగుడు కూడా నెట్టుడు లాంటిదే

చర్య, ప్రతిచర్య సమానమైతే ఎద్దులు బండిని ఎంత లాగితే బండి ఎద్దులను అంతే వెనక్కి లాగాలి గదా, మరి బండి కదిలేదెట్లా అని ఒక చిక్కు ప్రశ్న ఉంది. న్యూటన్ కూడా తన గ్రంథంలో మూడో నియమం కింద, తాడు కట్టి రాయిని లాగే గుర్రం ఉదాహరణ ఇచ్చాడు. జవాబు సులువు. ఆ రెండు బలాలూ ఒకే వస్తువు మీద పనిచేయవు. ఒకటి బండి మీద, ఒకటి ఎద్దుల మీద. వేర్వేరు వాళ్ళ ఖాతాల్లోవి కలిపి కొట్టేయకూడదు. ఎద్దులు గిట్టలతో నేలను వెనక్కి తంతాయి, నేల వాటిని ముందుకు తోస్తుంది. బండి వెనక్కి లాగే దానికంటే ఆ తోపు ఎక్కువైతే జోడు కదులుతుంది. రేగడి బురదలో గిట్టలు జారితే ఎంత బలమైన ఎద్దులైనా అక్కడే.

రైలుబండికి కూడా ఈ గీత పద్ధతే. ఇంజను ముందుండి 20 పెట్టెలను లాగితే మొదటి లంకె మీద 20 పెట్టెల భారమూ పడుతుంది. చివరి లంకె మీద ఒక్క పెట్టెదే. ముంబయి వైపు నుంచి హైదరాబాదు వచ్చే బండ్లు కర్జత్ దాటాక లోనావాలా దాకా భోర్ ఘాట్ ఎక్కాలి. అక్కడ ఎగుడు 37 అడుగులకు ఒక అడుగు. రైలుకు అది చాలా నిటారు. అందుకని అట్లాంటి చోట వెనక 'బ్యాంకర్' ఇంజన్లు తగిలించి నెట్టిస్తారు. సగం బలం ముందు, సగం వెనక అయితే మధ్య లంకె మీద లాగుడూ ఉండదు, నెట్టుడూ ఉండదు. ఏ లంకె మీదా పూర్తి భారం పడదు. శక్తి పెంచడంతో పాటు లంకెలను కాపాడడం కూడా అందులో ఉంది.

ఇక ట్రాక్టరు

ఇప్పుడు మొదట అన్న మాటకు వస్తాను. మా వైపు ట్రాక్టరు వెనక తగిలించేదాన్ని ట్రక్కు అంటాం, కొన్నిచోట్ల ట్రాలీ అంటారు. ఎగుడులో, సమతలంలో ట్రాక్టరు ట్రక్కును లాగుతుంది. బ్రేకు వేసిన క్షణం నుంచి వ్యవహారం తిరగబడుతుంది. ఆగడం ట్రాక్టరు వంతు, నెట్టడం ట్రక్కు వంతు. మూడు తోపుడు బండ్ల లెక్క ఇక్కడ ప్రాణం పోసుకుంటుంది.

ట్రాక్టరు 2000 కిలోలు అనుకుందాం. ఖాళీ ట్రక్కు 1600 కిలోలు. అందులో 40 కిలోల మిర్చి టిక్కీలు 60 వేశాం, అంటే 2400 కిలోలు. ట్రక్కు మొత్తం 4000 కిలోలు. ట్రక్కుకు బ్రేకులు లేవు. టైర్లకు రోడ్డు మీద పట్టు 0.6 అనుకుంటే, ట్రాక్టరు బరువు 20000 న్యూటన్లలో బ్రేకు బలం 12000 న్యూటన్లు. నిజానికి చాలా ట్రాక్టర్లకు బ్రేకులు వెనక చక్రాలకే ఉంటాయి గనక ఇంత కూడా రాకపోవచ్చు. ఉదారంగా ఇచ్చేద్దాం.

ట్రాక్టరు ఒక్కటే గంటకు 36 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 10 మీటర్లతో పోతోంది. బ్రేకు వేస్తే రుణ త్వరణం 12000 ÷ 2000 = 6. ఆగే దూరం వేగం వర్గాన్ని త్వరణానికి రెట్టింపుతో భాగిస్తే వస్తుంది: 100 ÷ 12, సుమారు 8 మీటర్లు.

ట్రక్కు తగిలించాక అదే 12000 న్యూటన్లు 6000 కిలోలను ఆపాలి. రుణ త్వరణం 2. ఆగే దూరం 25 మీటర్లు. మూడు రెట్లు! హుక్కు దగ్గర గీత గీస్తే, ట్రక్కు ట్రాక్టరును వెనక నుంచి నెట్టే బలం 4000 × 2 = 8000 న్యూటన్లు.

ఇక పదడుగులకు ఒక అడుగు దిగే వాలు చూద్దాం. చెరువు కట్ట దిగేటప్పుడు ఇంత వాలు మామూలే. మొత్తం బరువు 60000 న్యూటన్లలో పదో వంతు, 6000, కిందికి లాగుతుంది. బ్రేకు బలంలో మిగిలింది 6000. రుణ త్వరణం 1. ఆగే దూరం 50 మీటర్లు. వాలు అయిదడుగులకు ఒక అడుగైతే కిందికి లాగేదే 12000. బ్రేకు బలం దానికే సరి. ఇక ఆ బండి ఆ వాలు మీద ఆగదు. డ్రైవరు ఎంత గట్టిగా తొక్కినా ఆగదు. అది అతని చేతకానితనం కాదు, రెండో నియమం.

వింత ఏమంటే హుక్కు దగ్గరి నెట్టుడు సమతలంలోనూ, వాలులోనూ 8000 న్యూటన్లే. బస్తాల దగ్గర చూసిన వాటాల సంగతే ఇది. 12000లో మూడింట రెండు వంతులు ట్రక్కు వాటా. కాబట్టి హుక్కు దగ్గర కుదుపు పెరగలేదు గదా అని డ్రైవరు నిబ్బరంగా ఉండవచ్చు. ఆగే దూరం మాత్రం రెట్టింపయి కూర్చుంటుంది.

ఆ 8000 న్యూటన్లు ట్రాక్టరు వీపున తిన్నగా పడ్డంతసేపు ఫరవాలేదు. మలుపులో ట్రాక్టరు ముక్కు పక్కకు తిరిగి ఉంటే నెట్టుడు ఏటవాలుగా పడుతుంది. అప్పుడు ట్రక్కు ట్రాక్టరును అడ్డంగా తిప్పేస్తుంది. రెండూ మోచెయ్యి మడిచినట్టు మడుచుకుని బోల్తా పడతాయి. "మిర్చి లోడుతో ట్రాక్టరు బోల్తా" అని మర్నాడు పేపర్లో రెండు లైన్లు వస్తుంది. టిక్కీల మీద కూర్చున్న కూలీల పేర్లు ఆ రెండు లైన్లలో ఉంటాయి.

మా ఊళ్ళో ట్రాక్టరు తోలే ఒకాయనను "దిగుడులో న్యూట్రల్ ఎందుకు చేస్తావు మామా?" అని అడిగాను. "ఊరికే పోయే బండికి డీజిలు దండగ ఎందుకురా అల్లుడూ" అన్నాడు. డీజిలు ఖరీదు తెలిసిన రైతు బిడ్డగా ఆ మాట నాకు అర్థమవుతుంది. కానీ న్యూట్రల్ చేస్తే ఇంజను పట్టు పోయి, భారమంతా బ్రేకు మీదే పడుతుంది. పొడుగు దిగుడులో బ్రేకు వేడెక్కి పట్టు వదిలేస్తుంది. మిగిలిన డీజిలు ఎన్ని చుక్కలో చెప్పగలం. పోయేదాని ఖరీదు కట్టలేం.

ఈ లెక్కల నుంచి తేలిన నాలుగు మాటలు:

1. దిగుడు మొదలు కాకముందే చిన్న గేరులో వేసుకోవాలి. దిగుతూ గేరు మార్చబోతే ఆ కాసేపూ బండి ఎవరి చేతుల్లోనూ ఉండదు.

2. వేగం సగం చేస్తే ఆగే దూరం నాలుగో వంతు అవుతుంది. అదే వాలులో గంటకు 18 కిలోమీటర్లతో పోతే 50 మీటర్లు కాస్తా 12.5 మీటర్లు.

3. ట్రాక్టరుకు కుడి, ఎడమ బ్రేకు పెడళ్ళు విడివిడిగా ఉంటాయి. దుక్కిలో మూల తిరగడానికి అది సౌకర్యం. రోడ్డెక్కే ముందు రెండింటినీ కలిపే కొక్కెం తప్పక వేయాలి. ఒక్క పెడలే పడితే ట్రాక్టరు పక్కకు తిరుగుతుంది, వెనక 8000 న్యూటన్లు కాచుకుని ఉంటాయి.

4. అన్నిటికంటే ముఖ్యం, ట్రక్కుకు సొంత బ్రేకులు ఉండాలి. ఎవరి వాటా వారే ఆపుకుంటే హుక్కు దగ్గర నెట్టుడు సున్నా. పైన చెప్పిన 0.6 పట్టు ట్రక్కు టైర్లకు కూడా దొరికితే సమతలంలో ఆగే దూరం మళ్ళీ 8 మీటర్లే.

మిత్రులారా, మనలో చాలామందిమి పల్లెల నుంచి వచ్చాం. గమన నియమాలను మనం చదివింది పరీక్ష కోసమే అయినా, వాటి కింద రోజూ బతుకుతున్నది మన ఇళ్ళలోవాళ్ళు. లెక్క వాళ్ళకు చెప్పడానికి సమీకరణాలు అక్కరలేదు. మూడు అగ్గిపెట్టెలు వరసగా పెట్టి వేలితో తోసి చూపిస్తే చాలు. ఈ సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు, పంట ఎత్తకముందే, మీ ఇంటి ట్రక్కు కిందికి ఒకసారి వంగి చక్రాలకు బ్రేకు ఉందో లేదో చూడండి. పక్కింటి వాళ్ళది కూడా చూడండి.